అమ్మకు కీళ్లవాతం మందులు: రోగనిరోధక శక్తి పోతదా? తెలిసినోళ్లు చెప్పుండ్రి

సిరొంచ_బిడ్డ:
అందరికీ నమస్తే. మా అమ్మకు 54 ఏండ్లు. రెండేండ్ల నుంచి పొద్దున లేవంగనే వేళ్లు బిగుసుకుపోతున్నయి, గంటన్నర దాకా తెరుచుకోవు. మణికట్లు వాచి వేడిగ ఉంటయి. పోయిన వారం చంద్రపూర్‌ల పెద్ద డాక్టర్‌కు చూపెట్టినం. కీళ్లవాతం కోసం చేసే రక్తపరీక్షలు ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, కొన్ని రోజులకు ప్రెడ్నిసొలోన్ రాసిండు. పక్కింటోళ్లు "అవి కేన్సర్ మందులు, ఒంట్ల శక్తినంతా చంపుతయి" అని భయపెడుతున్నరు. నిజమేనా? ఫ్లూ టీకా ఏయించొచ్చా? వంకాయ, చింతపండు మానాల్నా? రక్తపరీక్షలు ఇక్కడ చేయించాల్నా, కాళేశ్వరం వంతెన దాటి వరంగల్ పోవాల్నా?

బల్లార్షా_గని:
అన్ని మందులెందుకక్కా? మా నాయిన బొగ్గు గనిల 30 ఏండ్లు చేసిండు. మోకాళ్లు వాచి మంచం మీదికెళ్లి లేవకపోతుండె. మా దగ్గర ఊరి డాక్టర్ పొట్లం కట్టిస్తడు, పూటకు నాలుగు గోలీలు. రెండోనాడే నాయిన చెల్క కాడికి నడిచిపోయిండు. ఏడాదిన్నర అయింది, బ్రహ్మాండంగ ఉన్నడు. పెద్ద డాక్టర్లు పరీక్షలకే పదివేలు గుంజుతరు.

కిన్వట్_మాస్టర్:
ఆ పొట్లంలో చిన్న తెల్లగోలీ ఉంటుంది. దాని పేరు ఎప్పుడైనా అడిగావా తమ్ముడూ? మా తమ్ముడూ అలాగే మూడేళ్లు మింగాడు. వాడికీ రెండోరోజే నొప్పి పోయింది. తర్వాత ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది. 41 ఏళ్లకే రెండు తుంటి ఎముకల తలలు రక్తం అందక కుంగిపోయాయి. నాగపూర్‌లో రెండు తుంట్లూ మార్పించాం. రెండెకరాల పత్తిచేను అమ్మాం. మధ్యలో ఒకసారి పొట్లం అయిపోయి నాలుగురోజులు మానేస్తే బీపీ పడిపోయి స్పృహ తప్పాడు. బయటినుంచి స్టెరాయిడ్ వస్తోందని ఒంట్లోని గ్రంథి తన పని మానేసిందట. ఇవన్నీ నా కళ్లతో చూశాను. దయచేసి ఇక్కడ ఆ పొట్లం ఎవరికీ చెప్పకు.

బల్లార్షా_గని:
మాస్టారూ, మీకు నెలజీతం వస్తది, నాగపూర్ పోతరు. రాత్రి పన్నెండింటికి మా నాయిన ఏడుస్తుంటే తలుపు తీసింది ఆ ఊరి డాక్టరే. ఆయన్ను విషం పెట్టేటోని లెక్క మాట్లాడకుండ్రి.

మందులషాపు_26ఏండ్లు:
26 ఏండ్ల నుంచి కౌంటర్ల నిలబడి ఇవే గోలీలు ఇస్తున్న. ఈ సంగతి నాకంటే ఎక్కువ తెలిసినోళ్లు ఇక్కడ లేరు, కొట్లాట ఆపుండ్రి.

పొట్లంల తెల్లగోలీ చాలాసార్లు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, 0.5 మిల్లీగ్రాములది. సున్నా పాయింట్ ఐదే కదా అనుకుంటరు. పూటకు రెండు లెక్కన మూడు పూటలు ఏస్తే రోజుకు 3 మిల్లీగ్రాములు, అంటే ప్రెడ్నిసొలోన్ అనే ఇంకో స్టెరాయిడ్ 20 మిల్లీగ్రాములతో సమానం. మిగిలిన రెండు గోలీలు డైక్లోఫెనాక్ లాంటిదొకటి, గ్యాస్ గోలీ ఒకటి.

ఇప్పుడు వినుండ్రి. దెబ్బ తగిలినచోట, కీలు వాచినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనేవి తయారైతయి. ఎరుపు, వేడి, నొప్పి వాటితోనే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాటి తయారీని ఆపుతయి. ఆస్పిరిన్ పనిచేసేది కూడ ఇట్లనే అని జాన్ వేన్ 1971ల తేల్చిండు, 1982ల నోబెల్ వచ్చింది. కానీ ఇవి నొప్పినే తగ్గిస్తయి, లోపల కీలు అరుగుడు ఆగదు. స్టెరాయిడ్ ఇంకా పైకి పోయి వాపును పుట్టించే జన్యువులనే అణుస్తది, అందుకే రెండోనాడే మనిషి లేచి నడుస్తడు. 1948ల హెంచ్ అనే డాక్టర్ అమెరికాల కీళ్లవాతంతోటి మంచాన పడ్డ ఆడమనిషికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్దిరోజులకే నడిచింది. రెండేండ్లకే నోబెల్ ఇచ్చిన్రు. దుష్ఫలితాలు తర్వాత బయటపడ్డయి.

మెథోట్రెక్సేట్ వేరే తీరు. మన సొంత కీళ్ల మీదికే దిగుతున్న తెల్లకణాల జోరు తగ్గిస్తది. పని కనబడేసరికి 6 నుంచి 12 వారాలు పడ్తది. అప్పటిదాకా ఆసరాకే ప్రెడ్నిసొలోన్. కేన్సర్‌కు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ, పక్కింటోళ్ల మాట పట్టించుకోకు బిడ్డా. ఇప్పసారా, కల్లు తగలనియ్యకు, లివర్ మీద పడ్తది.

ధర్మాబాద్_అక్క:
చెల్లే, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. మీ అమ్మ ఎట్ల ఏస్కుంటుంది? మా వదిన రోజూ మింగింది. ఫోలిక్ యాసిడ్, ఇది రెండూ పసుపు గోలీలే, ఒకదానికొకటి మారినయి. తొమ్మిదోనాటికి నోరంతా పుండ్లు, నీళ్లు మింగలేదు. తెల్లకణాలు 900కు పడిపోయినయి. నాందేడ్‌ల 11 రోజులు ఉన్నం.

పాలరాపు_దారి:
డైక్లోఫెనాక్ పేరొచ్చింది కాబట్టి చెప్తున్న. ప్రాణహితకు అటువైపు బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టినయి. ఎద్దుకు ఈ సూది ఇచ్చినంక అది చస్తే, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి రెండు మూడు రోజుల్లనే చస్తది. దేశంల తెల్లవీపు రాబందులు నూటికి 99 పోయినయి. 2006ల పశువులకు నిషేధించినా మనుషుల 30 ఎంఎల్ సీసాలు తెచ్చి పశువులకే పొడిచిన్రు. 2015ల 3 ఎంఎల్‌కు కుదించాల్సి వచ్చింది. దానికి బదులు మెలాక్సికామ్ ఉంది కదా, దాంతోటి రాబందులకు ఏం కాదు. షాపాయనా, మీరు పశువులకు అమ్మలేదా?

మందులషాపు_26ఏండ్లు:
రైతు వచ్చి ఎద్దు లేస్తలేదని కాళ్లు మొక్కుతడు. 2006కు ముందు అమ్మిన, అబద్ధం చెప్ప. నిషేధం వచ్చినంక ఒక్క సీసా అమ్మలే. 2023ల అసెక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడ పశువులకు ఆపిన్రు, నా షాపుల బోర్డు పెట్టిన.

బల్లార్షా_గని:
మనుషులు నొప్పికి చస్తుంటే మీకు రాబందుల బాధనా?

పాలరాపు_దారి:
రాబందులు పోయినంక కళేబరాల కాడ ఊరకుక్కలు పెరిగినయి. మా మేనల్లుణ్ణి కరిచింది అట్లాంటి గుంపుల కుక్కనే. ఐదు సూదులు ఏయించినం. ఇది మనుషుల బాధ కాదా?

దెగ్లూర్_వనమూలిక:
ఇవన్నీ ఎందుకు, రోజూ తిప్పతీగ కషాయం తాగించండి. రోగనిరోధక శక్తి పెరిగితే ఏ జబ్బూ నిలవదు.

కిన్వట్_మాస్టర్:
అయ్యా, ఆమె జబ్బే రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కీళ్లను కొరకడం. దాన్ని ఇంకా ఉసిగొల్పుతారా? కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల గురించి ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, నిజమే. కానీ మెథోట్రెక్సేట్ కూడా లివర్ మీదే పడుతుంది కదా, రెండూ కలపడం ఎందుకు?

వరోరా_రిటైర్డు:
మాస్టారు బాధ అర్థమైంది, కానీ స్టెరాయిడ్‌ను విషం అనొద్దు. గడ్చిరోలి, చంద్రపూర్ ఊళ్లల్ల కుష్ఠు పనిల 31 ఏండ్లు తిరిగిన. బ్యాక్టీరియా చచ్చినా, దాని మీద ఒంటి కోపం చల్లారదు. నరం వాస్తది, మోచేతి కాడ తాడు లెక్క తగుల్తది, వారం పది రోజుల్ల చెయ్యి గద్దగోరయితది. ఆ వారంల ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములతోటి మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగ తగ్గిస్తే చెయ్యి దక్కుతది. అన్నం కలుపుకొని తినే చేతులను నేను ఎన్నో చూసిన, ఆ మందు లేకుంటే అవి దక్కకపోతుండె. 2020ల కోవిడ్‌కు కూడ ఆక్సిజన్ పెట్టినోళ్లను కాపాడింది డెక్సా 6 మిల్లీగ్రాములే. ఆక్సిజన్ అక్కరలేనోళ్లకు లాభం లేదని అదే పరీక్షల తేలింది. అయినా ఇంట్ల కూసొని మింగిన్రు, మరుసటేడు షుగర్ ఉన్నోళ్లకు నల్లఫంగస్ వచ్చి కండ్లు పోయినయి. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది చూడాలె.

ధర్మాబాద్_అక్క:
చెల్లే, నా మాటకు జవాబియ్యలే. రోజూనా, వారానికా? రాబందులు తర్వాత చూద్దాం.

సిరొంచ_బిడ్డ:
అక్కా, చేతులు వణుకుతున్నయి. ఇప్పుడే అమ్మను అడిగిన. షాపుల కవర్ మీద మరాఠీల "ఆఠ్వడ్యాతూన్ ఏక్‌దా" (వారానికి ఒక్కసారి) అని రాసిచ్చిన్రట. అమ్మకు తెలుగు ఒక్కటే చదువొస్తది. మా చిన్నోడు చదివి "ఆఠ్" అంటే ఎనిమిది, ఎనిమిది గంటలకు ఒకటి అని చెప్పిండు. ఆరు రోజుల నుంచి రాత్రి ఎనిమిదింటికి రోజూ ఏస్కుంటుంది. నాలుక మంట అంటుంది, పచ్చిమిరప కారం అనుకున్నం.

మందులషాపు_26ఏండ్లు:
బిడ్డా, ఇయ్యాల గోలీ ఎయ్యనియ్యకు. పొద్దునదాకా ఆగొద్దు, ఇప్పుడే బండి మాట్లాడుకొని పెద్ద దవాఖానకు పో. గోలీల అట్ట, కవర్ వెంట తీస్కపో. "ఆరు రోజులు రోజూ 10 చొప్పున మెథోట్రెక్సేట్ పడ్డది" అని పోంగనే చెప్పు. రక్తకణాలు, కిడ్నీ, లివర్ చూస్తరు. దీనికి విరుగుడు ఫోలినిక్ యాసిడ్ సూది, మీ ఇంట్ల ఉన్న ఫోలిక్ యాసిడ్ అది కాదు. నేను అంత రాసి ఈ ఒక్క ముక్క అడగలే. ధర్మాబాద్ అక్క అడిగింది.

బల్లార్షా_గని:
అక్కా, బండి దొరక్కపోతే చెప్పు. ఆలాపెల్లిల మా బావ జీపు ఉంది.

సిరొంచ_బిడ్డ:
నాలుగురోజులైంది, ఇప్పుడు రాస్తున్న. వంతెన దాటి వరంగల్ తీస్కపోయినం. తెల్లకణాలు 2,800, నోట్ల మూడు పుండ్లు, కిడ్నీ మంచిగనే ఉంది. విరుగుడు సూదులు ఇచ్చిన్రు. నిన్నటికి కణాలు 4,100 అయినయి, పెరుగన్నం తిన్నది. డాక్టర్ మెథోట్రెక్సేట్ మానమనలే. అంతా కుదిరినంక మళ్ల తక్కువ నుంచి మొదలుపెడ్తమన్నడు. వారం అంటే అమ్మకు సంతరోజు గుర్తు, ఆ రోజే ఏస్కోవాలె. కవర్ మీద తెలుగుల నేనే రాసిన. అక్కా, నీకు రుణపడి ఉంట.

ధర్మాబాద్_అక్క:
రుణం ఏంది చెల్లే. మొదట రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి రక్తం చూపియ్యి, అది సిరొంచలనే చేయించినా నడుస్తది. ఫ్లూ టీకా సూది ఏయించొచ్చు, అది చచ్చిన వైరస్‌ది. బతికున్న వైరస్ టీకాలే వద్దంటరు. వంకాయ తిననియ్యి, మా వదిన తింటనే ఉంది.

బల్లార్షా_గని:
షాపాయనా, నాయిన పొట్లం విప్పి చూసిన. మీరన్న తెల్లగోలీలు పూటకు రెండు ఉన్నయి. మొఖం కూడ ఉబ్బినట్టే ఉంది, ఇన్నొద్దులు మంచిగ తింటున్నడనుకున్న. రేపటి నుంచి బంద్ చెయ్యాల్నా?

మందులషాపు_26ఏండ్లు:
బంద్ చెయ్యకు! మాస్టారి తమ్మునికి ఏమైందో పైన చదువు. పొట్లం పట్టుకొని నాయినను డాక్టర్ కాడికి తీస్కపో, షుగర్, బీపీ చూపియ్యి. మెల్లగ ఎట్ల తగ్గియ్యాల్నో ఆయనే రాస్తడు.

కిన్వట్_మాస్టర్:
తమ్ముడూ, చంద్రపూర్ వెళ్తే ముందు నాకు చెప్పు. నేనూ వస్తాను.