రుమాలు తలకా, చేతికా?

ప్రశ్న, గుంటూరు నుంచి:

అందరికీ నమస్కారం. ఒక కథల సంకలనానికి ప్రూఫులు దిద్దుతున్నాను. అందులో పాలమూరు వైపు కథ ఒకటుంది. ఊరి పెద్దమనిషి పంచాయతీకి బయల్దేరుతూ రుమాలు చుట్టుకుని, శెల్లా భుజాన వేసుకుని, కిర్రు చెప్పులు తొడుక్కుని గడప దాటతాడు. మా బృందంలో ఒకరు, రుమాలంటే జేబులో పెట్టుకునేది కదా, తలపాగా అని మార్చేయమన్నారు. ఇంకొకరు రుమాలు పక్కన బ్రాకెట్లో తలపాగా అని పెడితే సరిపోతుందన్నారు. రచయితను అడిగితే "మీ ఇష్టం" అన్నారు గానీ ఆ మాటలో ఇష్టం వినిపించలేదు. మీ ప్రాంతంలో రుమాలు అంటే ఏమిటి? దయచేసి మీ ఇంట్లో వాడే మాటే చెప్పండి, నిఘంటువు నేను చూసుకుంటాను.

జవాబు, నల్లగొండ నుంచి:

మార్చకండి అక్కా. మా దిక్కు తలకు చుట్టేది రుమాలే. జేబులో పెట్టుకునేది దస్తీ. ఈ రెండూ మాకు ఎన్నడూ కలవవు. దస్త్ అంటే పారసీలో చెయ్యి. చేతిగుడ్డకు చేతి పేరు పెట్టుకున్నాం, రుమాలును తలకు ఉంచుకున్నాం. కోస్తాలో దస్తీ అనే మాట వాడుకలో లేదు, అందుకే రుమాలు జేబులోకి దిగింది. అయినా మీరు చేతిరుమాలు, జేబురుమాలు అని ముందు ఇంకో మాట తగిలిస్తారు. అలా తగిలించాల్సి వచ్చిందంటే ఉత్త రుమాలు అంతకన్నా పెద్ద గుడ్డ అని మీ భాషే ఒప్పుకుంటున్నట్టు.

జవాబు, విజయవాడ నుంచి:

సోదరా, మీ వాడుకను కాదనను. కానీ మూలం చూస్తే పారసీలో రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. ముఖం తుడుచుకునే గుడ్డ. అంటే కోస్తా అర్థమే మూలానికి దగ్గర. తెలంగాణలో అర్థం పక్కకు జరిగింది. కథ రెండు రాష్ట్రాల పాఠకులూ చదవాలి కదా, అందరికీ తెలిసిన తలపాగా ఉంటే నష్టమేమిటి?

జవాబు, నల్లగొండ నుంచి:

మూలం గురించి మీరు చెప్పింది నిజమే. కానీ మా జిల్లాలోనే పుట్టపాక ఉంది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి కిందికి వచ్చింది. అక్కడ నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేతకే జీవితం ఇచ్చిన గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ ఇచ్చారు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, ఎరుపు నలుపు రంగులు పట్టిస్తారు. పడుగు, పేక, అంటే నిలువు దారాలు, అడ్డ దారాలు, రెండింటికీ విడివిడిగా చిటికీ కట్టి, అంటే అక్కడక్కడ బిగించి కట్టి, అద్దకం వేస్తారు. నూనె పట్టిన నూలు కాబట్టే తేలియా అన్నారు. చదరంగా ఉండే గుడ్డ అది. అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేది. అక్కడ మగవాళ్ళు తలకు కప్పుకునేవారు. అంత కష్టపడి ఎవరైనా ముఖం తుడుచుకునే గుడ్డ నేస్తారా సార్? నేసినవాళ్ళూ, కొన్నవాళ్ళూ, కట్టుకున్నవాళ్ళూ అందరూ దాన్ని రుమాలనే అన్నారు.

జవాబు, చీరాల నుంచి:

ఇది తెలంగాణ సంగతి మాత్రమే కాదు. తేలియా రుమాళ్ళకు చీరాల కూడా పాత ఊరే. ఇక్కడా మగ్గాల మీద నేసి సముద్రం దాటించేవారు. ఇక్కడి జాలర్లు, పశువులు కాసేవాళ్ళు దాన్ని నడుముకు చుట్టుకున్నారు, తలకూ చుట్టుకున్నారు. నూనె వాసన ఉన్నా ఎండకు చల్లగా ఉంటుందని పెద్దవాళ్ళు చెప్పేవారు. కాబట్టి కోస్తాలో రుమాలంటే చేతిగుడ్డే అని తేల్చేయడం నాకు సరిగా అనిపించదు. చదువుకున్న ఇళ్ళలో అది జేబు గుడ్డ అయింది, నేతగాళ్ళ ఇళ్ళలో కాలేదు.

జవాబు, అనంతపురం నుంచి:

మా ఇంట్లో రెండు మాటలూ ఉన్నాయి, రెండూ తలకే. చేనికి పోయేటప్పుడు చుట్టేది తలగుడ్డ. అదే మనిషి పెండ్లికో, తేరుకో పోయేటప్పుడు చుట్టేది రుమాలు. గుడ్డ వేరు, చుట్టే పద్ధతి వేరు. కన్నడంలో కూడా రుమాలు అంటే తలకు చుట్టేదే. సరిహద్దు ఊళ్ళలో మగవాళ్ళ బట్టల మాటలు చాలా వరకు రెండు భాషలకూ ఉమ్మడి. తెలంగాణ వాళ్ళు చొక్కాను అంగీ అంటారు కదా, కన్నడంలోనూ అంగి అనే అంటారు. కోస్తావాళ్ళకు ఇది వింతగా ఉంటుంది గానీ పటం తీసి చూస్తే అంగీ వాడే నేల చిన్నదేం కాదు.

జవాబు, శ్రీకాకుళం నుంచి:

మా వైపు తలకు చుట్టేదీ, భుజాన వేసేదీ, చెమట తుడిచేదీ ఒకటే. తుండుగుడ్డ. పొలంలో తలమీద ఉంటుంది, పెద్దవాళ్ళు ఎదురైతే దిగుతుంది, కూర్చోవాలంటే కిందికి వస్తుంది. తమిళంలోనూ తుండు అంటే తువ్వాలే అని విన్నాక ఆశ్చర్యపోయాను. తుండు అంటే ముక్క కదా, పెద్ద గుడ్డలోంచి కోసిన ముక్క. ఇక శుభకార్యానికైతే పొందూరు పంచె ఉండాలి. కొండపత్తి తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేస్తారు. దాన్ని కట్టుకున్న మనిషి నడక కూడా మారుతుందని మా ఊళ్ళో అంటారు. ఈ చర్చకు ఇది పక్కదారే, అయినా పొందూరు మాట రాకుండా మగవాళ్ళ బట్టల గురించి మాట్లాడటం నా వల్ల కాదు.

జవాబు, కరీంనగర్ నుంచి, తెలుగు ఉపాధ్యాయుణ్ణి:

విజయవాడ మిత్రులు అడిగిన ప్రశ్న న్యాయమైనది, దానికి వివరంగా చెప్పాలి. అందరికీ తెలిసిన మాట పెడితే నష్టమేమిటి అన్నారు. తలపాగా అందరికీ ఎలా తెలిసిందో చూద్దాం. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు మాండలికాలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య అని నాలుగు మండలాలుగా చూపించారు. ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాల కోశం 1962లో, చేనేత పదాల కోశం 1971లో వచ్చాయి. ఊరూరా తిరిగి, పని చేసేవాళ్ళ నోటి నుంచి మాటలు ఏరారు. ఆ పుటలు తిరగేస్తే ఒకే వస్తువుకు నాలుగు దిక్కుల్లో నాలుగు పేర్లు కనిపిస్తాయి, ఒక్కటి కూడా తప్పుగా అనిపించదు. కానీ పాఠ్యపుస్తకాల్లోకీ, పత్రికల్లోకీ వచ్చింది ఎక్కువగా మధ్య మండలపు మాట. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పిల్లవాడు బడిలో తన ఇంటి మాటే చదువుకున్నాడు. మా పిల్లవాడు ఇంట్లో అంగీ, లాగు తొడిగి బడికి వచ్చి, పుస్తకంలో చొక్కా, నిక్కరు చదివాడు. అందుకే తలపాగా మా అందరికీ తెలుసు, రుమాలు మీకు తెలియదు. తెలియడం ఒక వైపే జరిగింది. ఆ రెండో వైపు జరగాలంటే కథల్లో రుమాలు రుమాలుగానే ఉండాలి.

ఇక బట్ట సంగతి. మద్రాసు కింద ఉన్న జిల్లాల్లో చదువుకున్న మగవాడి ఠీవి అంటే పంచె మీద పొడుగు కోటు, తెల్లని తలపాగా. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఫోటోల్లో ఆ కోటు, ఆ తలపాగా చివరిదాకా కనిపిస్తాయి. హైదరాబాద్ సంస్థానంలో చదువుకున్న మగవాడి ఠీవి షేర్వాణీ. అది ఒక మతం బట్ట కాదు, కచేరీకి వెళ్ళే హిందూ ఉద్యోగులు కూడా తొడిగేవారు. దర్బారులో అయితే తలకు దస్తార్ అనే పాగా ఉండాలి. 1956లో రెండు ప్రాంతాలూ కలిసే నాటికి ఇటు ఒక వార్డ్‌రోబ్, అటు ఒక వార్డ్‌రోబ్. పల్లెల్లో మాత్రం ఈ రెండూ లేవు. అక్కడ రుమాలు, దోతి, గొంగడి. గద్దర్ గారు వేదిక ఎక్కేటప్పుడు గోచీ, గొంగడి వేసుకున్నది అందుకే. నగరం చూడని తెలంగాణ మగవాడి బట్ట అది. ఆ బట్టతోనే ఆయన నగరం నడిబొడ్డున పాడారు. గొంగడి అన్న మాటను కూడా కొందరు గొంగళి అని దిద్దుతుంటారు. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అన్న సామెత మీ వైపు ఉంది, గొంగట్ల అని మా వైపు ఉంది. రెంటిలోనూ వెంట్రుకలు అవే కదా!

చివరిగా, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన సంగతి క్రియ. తెలుగులో మగవాడి బట్ట ఒక్కోదానికి ఒక్కో క్రియ ఉంది. పంచె కడతాం. చొక్కా తొడుగుతాం. కండువా వేసుకుంటాం. శాలువా కప్పుతాం. టోపీ పెట్టుకుంటాం. పాగా చుడతాం. రచయిత రుమాలు చుట్టుకుని అని రాశారు. జేబు గుడ్డను ఎవరూ చుట్టుకోరు. కాబట్టి ఏ జిల్లా పాఠకుడైనా ఆ క్రియ దగ్గరే సంగతి పట్టేస్తాడు. బ్రాకెట్ అవసరమే లేదు. బ్రాకెట్ పెడితే, మీ భాష మాకు అర్థం కాదని రచయితకు చెప్పినట్టే, అది నన్ను బాధపెడుతుంది.

జవాబు, విజయవాడ నుంచి:

మాస్టారూ, క్రియ సంగతి నాకు నచ్చింది. దీనికి ఎదురు చెప్పలేను. నాకు ఒక్క సందేహం. శెల్లాకు, కండువాకు తేడా ఉందా? ఉంటే కథలో శెల్లా కూడా అలాగే ఉండాలి కదా.

జవాబు, కరీంనగర్ నుంచి:

ఉంది. శెల్లా పలుచని తెల్లని గుడ్డ, పెద్దమనిషి భుజానికి నిండుదనం ఇచ్చేది. కండువా ఇప్పుడు ఎక్కువగా పార్టీలది అయిపోయింది. కండువా కప్పుకున్నాడంటే పార్టీ మారాడని అర్థం, రంగు చెబితే ఏ పార్టీయో కూడా తెలిసిపోతుంది. కథలో ఆ పెద్దమనిషి కండువా వేసుకున్నాడని రాస్తే చదివేవాడికి ఎన్నికల సభ గుర్తొస్తుంది. శెల్లా అలాగే ఉండనివ్వండి.

జవాబు, న్యూజెర్సీ నుంచి:

ఇక్కడ మన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు తలకు కుట్టి సిద్ధం చేసిన పాగా వస్తోంది, పెట్టెలోంచి తీసి టోపీలా తలమీద పెట్టేస్తారు. మాటలోనూ పాగా పెట్టుకోవడం అనే అంటున్నాం. మాస్టారు క్రియల గురించి చెప్పాక ఇప్పుడు తట్టింది. చుట్టడం వచ్చిన మేనమామ ఉంటే ఆయన చేత చుట్టించుకోమని ఈసారి పిల్లలకు చెబుతాను.

ప్రశ్న అడిగినవారు, గుంటూరు నుంచి:

అందరికీ చాలా థ్యాంక్స్. రుమాలు, శెల్లా రెండూ బ్రాకెట్ లేకుండా ఉంచుతున్నాను. రచయితకు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఇంకో చిన్న టెన్షన్ ఉంది. కథకు బొమ్మ వేయించాం. అందులో ఆ పెద్దమనిషి పంచెను అడ్డంగా చుట్టి, మోకాలి పైకి ఎగదోపి, భుజాన గళ్ళ తువ్వాలుతో ఉన్నాడు. కథలో మాత్రం దోతి అని ఉంది. ఇది ఫరవాలేదా?

జవాబు, నెల్లూరు నుంచి:

అక్కా, ఆ బొమ్మ మా వైపు మనిషిది. మేము, చిత్తూరు వాళ్ళు అడ్డపంచె కడతాం, పని పడితే ఎగదోపుతాం. పక్కన తమిళనాడు ఉంది కదా, ఆ కట్టు ఇటూ అటూ ఒకటే. అక్కడ నాలుగు మూరలది ఒక వేష్టి, ఎనిమిది మూరలది ఇంకో వేష్టి. నాలుగు మూరలది ఒక్క చుట్టే వస్తుంది, గోచీకి చాలదు. అయినా ఎగదోపిన పంచెతో మా ఊళ్ళో కూడా పంచాయతీకి ఎవరూ పోరు. నలుగురిలోకి పోయేటప్పుడు కిందికి దించుతారు. అది మర్యాద.

జవాబు, నల్లగొండ నుంచి:

పాలమూరు పెద్దమనిషి అట్లా పోడు. దోతి అంటే గోచీ పోసి కట్టిందే. ముందర కుచ్చిళ్ళు నిండుగా పడాలి, ఒక కొస కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపాలి. నడిచేటప్పుడు పిక్కలు కొంచెం కనిపించినా పరవాలేదు, మోకాళ్ళు కనిపించకూడదు. తలమీద రుమాలు చుట్లు చుట్లుగా, కొంచెం వదులుగా ఉండాలి, పెళ్ళికొడుకు పాగా లెక్క నిగనిగలాడకూడదు. భుజాన గళ్ళ తువ్వాలు తీసేసి తెల్లని శెల్లా వేయమనండి. మీ చిత్రకారుడికి ఫోటోలు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి అక్కా, మా మామ దోతి కట్టుకునేటప్పుడు తీసి ఈ ఆదివారం పంపుతా.