సీడ్ పత్తి చేలల్లకు బడి పిల్లలు – ఎవరికి చెప్పాలె?

గద్వాల దిక్కు మా ఊర్ల సీడ్ పత్తి చేలల్ల క్రాసింగ్ (విత్తనం కోసం పూలకు చేతితోని పుప్పొడి అద్దే పని) మొదలైంది. బడికి పోవాల్సిన పిల్లలను ఆటోలల్ల తోలుకపోతున్నరు. అడ్వాన్స్ తీసుకున్న తల్లిదండ్రులు నోరు విప్పుతలేరు. ఏం చేయాలె?

జవాబు 1:
పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టండి, రాత్రైనా ఎత్తుతరు. కానీ ఉత్త ఊరి పేరు చెప్తే లాభం లేదు. చేనుకు దారి, ఆటో వచ్చే టైము, పిల్లలెంతమందో చెప్పాలె. పొద్దుగూకే యాళ్లకు మొగ్గ గిల్లి కేసరాలు తీస్తరు, తెల్లారి పుప్పొడి అద్దుతరు. తనిఖీ టీం నడిమధ్యాహ్నం వస్తే చేను ఖాళీగుంటది, కేసు అక్కడనే పోతది.

జవాబు 2:
"మా ఇంటి పిల్లలే" అనుడు రైతులకు అలవాటే. బాలకార్మిక చట్టానికి చేసిన 2016 సవరణ ప్రకారం 14 ఏండ్ల లోపు పిల్లలు సొంత కుటుంబం పనిల, అదీ బడి అయినంక లేదా సెలవులల్లనే సాయం చేయొచ్చు. కూలికి పెడితే 6 నెలల నుంచి 2 ఏండ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. వయసు రుజువుకు బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు తీసిపెట్టుకోండి.

జవాబు 3:
అసలు ముడి అడ్వాన్స్ కాడ ఉంది అన్నా. అప్పు కింద పని చేయిస్తే 1976 వెట్టిచాకిరి చట్టం వర్తిస్తది, ఆ బాకీ రద్దయితది. ఆర్డీవోకు రాతపూర్వకంగ అర్జీ ఇచ్చి వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రం అడగాలె. పిల్లల ఫొటోలు మాత్రం వాట్సాప్‌ల పెట్టకండి, అది నేరం.