రోమా 15:7లో "చేర్చుకొనుడి": సంఘంలోకా, ఇంటిలోకా?

మూలభాష విద్యార్థిని:
రోమాలోని సంఘానికి పౌలు రాసిన పత్రికలో "మీరును ఒకనినొకడు చేర్చుకొనుడి" అన్నచోట గ్రీకు క్రియ ప్రొస్‌లంబానొమై. తన దగ్గరికి తీసుకోవడం అని దాని అర్థం. మా సంఘంలో ఈ వచనం వినిపించేది కొత్త సభ్యుల పేర్లు చదివే ఆదివారం మాత్రమే. పేరు రాసుకుని చప్పట్లు కొడితే ఈ ఆజ్ఞ నెరవేరినట్టేనా? నా మనసు ఒప్పుకోవడం లేదు.

బెరయ పాఠకుడు:
నెరవేరినట్టే. ఆ క్రియలో లేని ఆప్యాయతను మీరు నింపుతున్నారు. అపొస్తలుల కార్యములు 17:5లో అల్లరికోసం దుష్టులను కూడగట్టుకున్నదీ, మార్కు 8:32లో పేతురు యేసును పక్కకు తీసుకువెళ్లి గద్దించినదీ ఈ క్రియతోనే. ఆతిథ్యానికి పౌలు ఇదే పత్రిక 12:13లో ఫిలొక్సెనియ అనే వేరే మాట వాడాడు. ఇంటికి పిలవమనడమే ఉద్దేశమైతే ఇక్కడా అదే రాసేవాడు కదా?

మూలభాష విద్యార్థిని:
మీరు చూపిన రెండుచోట్లా ఒక మనిషిని తన పక్కకు లాక్కోవడమే ఉంది. మన "కొను" చేసే పని అదే. చేర్చడం వేరు, చేర్చుకోవడం వేరు. బడిలో పిల్లవాణ్ణి చేరుస్తాం, అనాథను చేర్చుకుంటాం. కీర్తనల పాత గ్రీకు అనువాదంలో "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును" అన్నచోటా ఇదే క్రియ. అపొస్తలుల కార్యములు 28:2లో మెలితే (నేటి మాల్టా) ద్వీపవాసులు వానలో, చలిలో నిప్పు రాజేసి, ఓడ పగిలి ఒడ్డుకు చేరిన 276 మందిని చేర్చుకున్నదీ దీనితోనే. అక్కడ ఏ సభ్యత్వం ఉంది?

ఇంకో మాట. రోమాలో సంఘం కూడింది ఇళ్లలో. ప్రిస్కిల్ల, అకులల ఇంట ఉన్న సంఘానికి పౌలు 16:5లో వందనాలు చెప్పాడు. 14వ అధ్యాయంలోని తగాదా మాంసం తినేవారికీ కూరగాయలే తినేవారికీ మధ్య. సంఘంలోకా, ఇంటిలోకా అన్న ప్రశ్న వాళ్లకు తట్టి ఉండదు. గుమ్మం ఒక్కటే.

వెనుక బల్ల:
గ్రీకు నాకు రాదు. ఊరు వదిలి నగరానికి వచ్చాక ఏడు నెలలు ఒకే సంఘానికి వెళ్లాను. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర కరచాలనం చేసేవారు, నా పేరు అడిగేవారు, మరుసటి వారం మళ్లీ అడిగేవారు. ఒకరోజు ఒక పెద్దావిడ నా సంచి తన చేతిలోకి తీసుకుని "నడువమ్మా, పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చాను" అంది. ఆ రోజే నేను ఆ సంఘంలో చేరాను.

బెరయ పాఠకుడు:
ఇళ్ల సంఘాల మాట కాదనలేను. అయితే 1 కొరింథీ 5:11లో జారత్వంలో, లోభంలో కొనసాగే సహోదరుడితో "భుజింపనుకూడదు" అని రాసినదీ పౌలే. ఆ భోజనపు బల్లకు హద్దుందని మరవకండి.

మూలభాష విద్యార్థిని:
హద్దుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ వచనం నా వాదానికే బలం. దూరం పెట్టడం భోజనం దగ్గర జరిగితే, చేర్చుకోవడం రిజిస్టరులో ఎలా జరుగుతుందండీ?