సమస్య: ‘కత్తి కోయలేదు, కత్తి కోసె’

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ రాసి దీన్ని పూరించాలి. కత్తి / కోయ / లేదు / కత్తి / కోసె: అయిదూ గలాలే (గురువు, లఘువు), యతి క–క. రెండు ‘కత్తి’లకూ అర్థమో వస్తువో వేరు కావాలి. ఒకే కత్తి అయితే కోతపడేది మారాలి.

పూరణ 1

మొద్దుబారినట్టి మొనగల చాకుతోఁ
బండుతొక్క మీఁదఁ బట్టు జారి
వేలు తెగెను జూడ వింతయే! తొక్కను
కత్తి కోయలేదు, కత్తి కోసె.

స్పందన: ఊహ బాగుందండీ, పైగా నిజం కూడా. మొండి కత్తి తొక్కలో దిగదు, పైపైన జారుతుంది. దిగాలని బలం పెంచుతాం, ఆ బలమంతా జారిన వైపుకే పోతుంది. పదునుదానికంటే మొండిదే వేలికి ప్రమాదం.

దోషాలు రెండు. ‘తొక్కను’ ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట). దాని తరువాత పరుషం (క) సరళమై (గ) ‘తొక్కను గత్తి’ అవుతుంది, ఇచ్చిన పాదమే మారిపోతుంది. ఈ సమస్యలో చాలామంది జారిపడేది ఇక్కడే: మూడో పాదం కళతో (ద్రుతం లేని మాటతో) ముగియాలి. ‘తొక్క నీ’ (తొక్కను + ఈ) అనండి. గణం రగణమే, ‘ఈ కత్తి’కి సరళాదేశం లేదు. ఇక ‘మొనగల’ యతి కోసం వచ్చిన మాట. మొన పొడిచేది, కోసేది వాదర. మొద్దుబారింది వాదరైతే మొన సంగతి ఎందుకు?

పూరణ 1, సవరణ

పదును లేని చాకు పట్టి తొందరపడి
పండుతొక్క మీఁదఁ బట్టు జారి
వేలు తెగెను జూడ వింతయే! తొక్క నీ
కత్తి కోయలేదు, కత్తి కోసె.

స్పందన: ఇప్పుడు కుదిరింది. ‘తొందరపడి’ వ్యర్థం కాదు, ప్రమాదానికి అదీ ఒక కారణమే. మొదటి పాదం క్త్వార్థంతో (‘పడి’) ముగిసింది, అది కళ కాబట్టి ‘పండు’ పరుషంగానే నిలిచింది. యతి ప–బ, సరే.

పూరణ 2

నాటకమున రాజు నరికిన నవ్విరి;
భటుఁడు లేచి నిలిచి పలుకు విసర
రాజు మోము వాడె. రంగాన నా యట్ట
కత్తి కోయలేదు, కత్తి కోసె.

స్పందన: ‘అట్ట’ను మూడో పాదం చివర పెట్టి ‘అట్టకత్తి’ చేయడం మంచి విరుపు. అట్టకత్తి వీరుడని వాడుకలో ఉన్నదే కాబట్టి చదివేవాడికి వెంటనే అందుతుంది. లోపం రెండో ‘కత్తి’ది. అది మాట అని మీ మనసులో ఉంది, పద్యంలో లేదు. ‘విసర’ అంటే రాయి గుర్తొస్తుంది కానీ కత్తి గుర్తురాదు. పైగా ‘లేచి నిలిచి’ పాదం నింపడానికి వచ్చింది. రెండో పాదం ఇలా ఉంటే?

భటుఁడు దూసె నపుడు పలుకుకత్తి;

‘దూయు’తో ఒర దానంతటదే స్ఫురిస్తుంది. యతి భ–ప అలాగే ఉంది.

పూరణ 3

అడిద మనిన నేమి? యసి యన్న నేమి? యీ
వాలు తుప్పు పట్టి వాద రుడిగె;
చాకు సానఁబట్టఁ జాలదే! యా పెద్ద
కత్తి కోయలేదు, కత్తి కోసె.

స్పందన: మూడింటిలో నాకు నచ్చింది ఇదే. అడిదం, అసి, వాలు, చాకు నాలుగూ వచ్చాయి, ఏదీ జాబితాలా లేదు. ఒక్క తప్పు: రెండో పాదంలో ‘ఈ వాలు’, మూడో పాదంలో ‘ఆ పెద్ద కత్తి’. వస్తువు ఒకటే కదా! ‘యీ పెద్ద’ అంటే సరి.

ఇంకొకరు: ‘అడిదము’ పక్కన ‘చాకు’ పొసగుతుందా? చాకు పారసీ, ఉర్దూల దారిన వచ్చిన మాట కదండీ.

స్పందన: ఇది అచ్చతెనుగు పూరణ అని ఎవరూ షరతు పెట్టలేదు. ‘అసి’ మాత్రం సంస్కృతం కాదా? నిజానికి అమరకోశంలో దీనికి సరిపోయే మాటే ఉంది: ఛురికకు (చిన్న కత్తికి) ‘అసిపుత్రి’ అని పేరు. అసి వల్ల కానిది దాని కూతురు చేసిందంటే ఇంకో పూరణ పుడుతుంది. అదే కోశంలో ఖడ్గానికి తొమ్మిది పేర్లున్నాయి. వాటిలో నిస్త్రింశం అంటే 30 అంగుళాలు (వేళ్ల వెడల్పులు) దాటినది. దానితో పండు కోయబోతే హాస్యం తేలిగ్గానే వస్తుంది.

నిర్వాహకుడు: పర్యాయపదాలు వేసేవారికి ఒక మాట. కత్తి, వాలు, చాకు, బాకు గలాలు, ఛురిక నగణం. ఇవి సూర్యగణం స్థానంలో ఒకదానికొకటి మార్చుకోవచ్చు, యతి మాత్రం చూసుకోండి. అడిదము నలము, ఖడ్గము, కైదువు భగణాలు, విరవకుండా వేస్తే ఇవి ఇంద్రగణాలకే. ‘కృపాణము’తో మాత్రం జాగ్రత్త. లఘువు, గురువు వరుసతో మొదలయ్యే గణం ఇక్కడ చెల్లదు కాబట్టి ‘కృ’ ముందు గణం చివరికి పోవాలి, తరువాతి గణం ‘పా’తో మొదలవాలి. ‘కృ’లో ఉన్నది ఋకారం, సంయుక్తం కాదు, దాని ముందక్షరం గురువవుతుందని లెక్క వేసి గణం తప్పించుకోకండి.

‘కత్తిగట్టు’ (పగపట్టు), ‘కత్తులు నూరు’ అర్థాలతో ఇంకా ఎవరూ ప్రయత్నించలేదు. ‘సినిమా కత్తి’ అనే నేటి వాడుకకూ తలుపు తెరిచే ఉంది, సంధి కుదిరితే చాలు.