సమస్యాపూరణం: చెప్పు నాలుక యయ్యెను చిత్రముగను

పైన ఇచ్చిన పాదమే చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి. ఛందస్సు తేటగీతి. విషయం యూరపు భాషల్లో చేపల పేర్లు. ‘చెప్పు’ను ‘చెప్పుము’గా విరిచే పాత ఎత్తుగడ వద్దు. కాలికి తొడిగేదే కావాలి.

ఉప్పుటేరు:

రోము జనులు దానిని జూచి రూపు బట్టి
చెప్పు పేరిడి రా జర్మసీమలోన
కడలి నాలుక యని పిల్వ, గాంచుడయ్య
చెప్పు నాలుక యయ్యెను చిత్రముగను

ముక్కుసూటి: భేష్, కీలకం పట్టారు. లాటిన్‌లో ‘సోలియా’ అంటే చెప్పు. అదే ఫ్రెంచిలో, ఇంగ్లీషులో బల్లపరుపుగా ఉండే సోల్ చేప అయింది; బూటు అడుగున ఉండే సోలూ దాని చుట్టమే. జర్మన్లకు అదే చేప ‘జేత్సుంగె’, సముద్రపు నాలుక. కానీ జర్మనీలో ‘నీ’ ఏమైందండీ?

ఉప్పుటేరు: గణాలు మింగేశాయి.

పాలపిట్ట:

ఫ్రెంచి వారింట సోలని పెట్టిరయ్య
స్పెయిను హోటలులో నదే చేప నడుగ
నాల్క పేరిట వడ్డించె నాకు వాడు
చెప్పు నాలుక యయ్యెను చిత్రముగను

ముక్కుసూటి: నడక హాయిగా ఉంది. స్పెయిన్‌లో ‘లెంగ్వాదో’, నాలుకలోంచి పుట్టిన పేరే. అయితే పద్యంలో చెప్పు ఎక్కడా కనబడదు. సోల్ అర్థం తెలియనివాడు చివరి పాదం దగ్గర ఆగిపోతాడు. ‘సోలని’ తీసి ‘చెప్పని’ పెట్టండి, గణం చెడదు.

పాలపిట్ట: అప్పుడు ‘ఫ్రెంచి వారింట చెప్పని పెట్టిరయ్య’ అవుతుంది. భోజనానికి పిలిచి చెప్పు పెట్టారంటే ఏం మర్యాద అండీ!

కొత్తచిగురు: నా మొదటి ప్రయత్నం. టెన్షన్‌గా ఉంది, మొదటి పాదం మాత్రం చూడండి.
‘లాటినున సోలియా యన్న చెప్పు గాదె’

ముక్కుసూటి: గణాలు సరే, యతి లేదు, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరలేదు. ‘లా’కు ‘చె’ కుదరదు. ‘పాద’తో మొదలెట్టండి, నాలుగో గణంలో ‘ప’ పడితే చాలు. ఇంకోటి, ఆ చేపను ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. ఇసుకలో పక్కకు ఒరిగి పడుకుంటుంది, రెండు కళ్లూ పైవైపుకే. అది పద్యంలోకి రావాలి.

కొత్తచిగురు: రాత్రంతా కూర్చున్నాను. డచ్చివాళ్ల ‘టాంగ్’ కూడా దొరికింది, దానికీ నాలుకనే అర్థం.

పాదరక్షగ సోలియా పలుకు వెలసె
డచ్చి వారది నాలుక, టాంగనిరట
ఇసుకపై బల్లపరుపుగా నిట్టులుండ
చెప్పు నాలుక యయ్యెను చిత్రముగను

ముక్కుసూటి: డ–ట యతి బాగా పడింది. కళ్లు మాత్రం ఇంకా రాలేదు.