1972 డాట్సన్ 240జెడ్: ముందు ఇంజినా, తుప్పా?

ప్రశ్న:
నమస్కారం. నేను కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటున్నాను. మా వీధిలో ఒక పెద్దాయన షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న 1972 డాట్సన్ 240జెడ్‌ను గత నెలలో కొన్నాను. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది, ఇంకా స్టార్ట్ చేయలేదు. కారుతో వచ్చిన ఎల్24 ఇంజిన్‌ను, నాలుగు గేర్ల గేరుబాక్సును తీసివేసి, తరువాతి డాట్సన్ మోడలైన 280జెడ్‌ఎక్స్‌కు చెందిన ఎల్28ను, ఐదు గేర్ల బాక్సును అమర్చాలని నా కోరిక. బాడీ పైకి బాగానే కనిపిస్తోంది. ఈ మార్పు వల్ల స్మాగ్ పరీక్షలో (ఇక్కడి పొగ కాలుష్య పరీక్ష) చిక్కులు వస్తాయా? కారు విలువ తగ్గుతుందా? పని ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

మొదటి సమాధానం:
ఇంజిన్ సంగతి కొన్నాళ్లు మరచిపోండి. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, రేకు బాడీయే బరువంతా మోస్తుంది, కాబట్టి బాడీ పైకి బాగుందన్న మాటకు ఇక్కడ పెద్దగా విలువ లేదు. బ్యాటరీని తీసి దాని కింది ట్రే చూడండి. అక్కడ కారిన యాసిడ్ ట్రేను తినేసి, దాని కిందనున్న ఫ్రేమ్ రైలు (బాడీ కింద బరువు మోసే పొడవాటి రేకు దూలం) దాకా దిగుతుంది. తరువాత కార్పెట్టు ఎత్తి, తారులాంటి పొరను గీకి, సీట్ల కింది నేలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ముందు అద్దం కింద ఆకులు పేరుకుని నీరు పోయే దారి మూసుకుపోతే, ఫెండర్ల వెనుక భాగం లోపలి నుంచి తుప్పు పడుతుంది. అది బయటికి కనిపించే నాటికి పుణ్యకాలం గడిచిపోతుంది. పాత యజమానులెవరైనా లప్పం పూసి రంగు వేశారేమో అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఒక్క హెచ్చరిక: నేలను, రైలును రెండు పక్కలా ఒకేసారి కోయవద్దు. తలుపుల మధ్య అడ్డ కమ్మీలు వెల్డు చేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోండి, లేకపోతే బాడీ కుంగి తలుపులు మళ్లీ సరిగా మూసుకోవు.

రెండవ సమాధానం:
ఇంజిన్ ప్రశ్నకు నేను చెబుతాను. ఎల్24 సామర్థ్యం 2393 సీసీ, ఎల్28ది 2753 సీసీ. రెండూ ఒకే కుటుంబానికి చెందిన ఆరు సిలిండర్ల ఇంజిన్లు కావడం వల్ల మీ మౌంట్ల మీదే కొత్తది కూర్చుంటుంది, మీ గుండ్రటి మూతల ఎస్‌యూ తరహా కార్బ్యురేటర్లు (ఇంజిన్‌కు పెట్రోలును గాలితో కలిపి అందించేవి) కూడా దానికి సరిపోతాయి. (1973 కారైతే బల్లపరుపు మూతలవి వచ్చేవి, వాటితో పడే బాధ మీకు తప్పింది.) కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్ల పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. విలువ మాటకొస్తే, ఇంజిన్ బే లోని పలకపై ఉన్న ఇంజిన్ నంబరు, బ్లాకు మీది నంబరు ఒకటేనా చూడండి. ఒకటే అయితే పాత ఇంజిన్‌ను అమ్మకుండా నూనె పట్టించి దాచుకోండి. నిజానికి హైవే మీద హాయినిచ్చేది ఇంజిన్ కంటే ఆ ఐదవ గేరే. నేనైతే ముందు గేరుబాక్సు మార్చి, ఎల్24తోనే ఒక ఏడాది నడుపుతాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నంబర్లు కలిశాయి. కానీ బ్యాటరీ కింది రైలులోకి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. వెనుక సస్పెన్షన్ విప్పబోతే కింది ఆర్మ్‌ను పట్టి ఉంచే పొడవాటి స్పిండిల్ పిన్ కదలడం లేదు. సుత్తితో కొట్టవచ్చా?

మూడవ సమాధానం:
కొట్టకండి, మరలు పాడై పిన్ చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ముందు మధ్యలో ఉన్న చిన్న లాక్ పిన్ తీశారో లేదో చూసుకోండి, చాలామంది అక్కడే తప్పుతారు. తుప్పు విడిపించే నూనెను రెండు మూడు రోజులు పట్టించి, వేడి చేసి, స్పిండిల్ పిన్‌ను లాగే పరికరంతో ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే రెండు పక్కలా కోసి, మిగిలిన ముక్కను ప్రెస్సులో తోయించి, కొత్త పిన్లు, బుష్షులు వేసుకోవడమే మార్గం. బాడీ విప్పి ఉన్నప్పుడే హెడ్‌లైట్లకు రిలేలు (ఎక్కువ కరెంటును స్విచ్చు గుండా కాకుండా నేరుగా పంపే పరికరాలు) కూడా పెట్టించండి. ఈ కారులో లైట్ల కరెంటంతా స్విచ్చు గుండానే పోతుంది కాబట్టి, పాతబడిన ఫ్యూజు బాక్సు వేడెక్కి కరిగిపోతుంటుంది. రైలు వెల్డింగుకు ముందు, తరువాత ఫొటోలు పెట్టండి.