రోబో అమ్మాయి బడికి ఎప్పుడు వెళ్తుంది? "నిచిజో" చూసినవాళ్లు కాస్త చెప్పండి

ఇద్దరమ్మాయిల నాన్న:
నమస్కారమండీ. మా పెద్దది ఎనిమిదో తరగతి. రోబో అమ్మాయి హైస్కూల్లో చేరే కామెడీ అని వాళ్ల ఫ్రెండ్ చెప్పిందట. శనివారం రాత్రుళ్లు ఇద్దరం కూర్చుని "నిచిజో" అనే జపాన్ యానిమేషన్ సిరీస్ మొదలుపెట్టాం. నాలుగు ఎపిసోడ్లు అయ్యాయి. రోబో ఇంట్లోనే ఉంది, పనులు చేసుకుంటూ ఒక చిన్నపిల్ల వెనకాల తిరుగుతోంది. బడికి వెళ్లేవాళ్లు వేరే ముగ్గురమ్మాయిలు. మేం పొరపాటున ఇంకో సిరీస్ చూస్తున్నామా? రోబో బడిలో చేరే ఎపిసోడ్‌కి నేరుగా వెళ్లిపోతే అర్థమవుతుందా? కొన్ని జోకులకైతే ఇద్దరం మొహమొహాలు చూసుకుంటున్నాం. పిల్లలు చూడకూడనివి ముందు ముందు వస్తాయేమో కూడా చెప్పండి.

చివరి బెంచీ:
సిరీస్ అదేనండీ. ఆ రోబో అమ్మాయి నానో బడికి వెళ్లడం మొదలయ్యేది 14వ ఎపిసోడ్ నుంచి. మొత్తం 26. అంటే సగం సిరీస్ ఇంట్లోనే గడుస్తుంది. మీ అమ్మాయి ఫ్రెండ్ ఆ ముక్క చెప్పకుండా దాచింది.

నేరుగా 14కి వెళ్లినా అర్థమవుతుంది, ఎందుకంటే అందులో పెద్ద కథంటూ లేదు. కానీ నేనైతే వద్దంటాను. నానోని తయారుచేసిన ప్రొఫెసర్ వయసు ఎనిమిదేళ్లు. పొడుగు తెల్లకోటు వేసుకుని, చిరుతిళ్ల కోసం మారాం చేస్తూ ఉంటుంది. ఆ పిల్ల నానో వీపుకి ఒక పెద్ద కీ బిగించింది, మన చిన్నప్పుడు తిరనాళ్లలో కొన్న కీ ఇచ్చే బొమ్మలకి ఉండేలాంటిది. తీసెయ్యమని నానో ఎంత బతిమాలినా తియ్యదు. కారణం, ముద్దుగా ఉందట! చెయ్యి తెరుచుకుంటే అందులోంచి రోల్ కేక్ బయటికొస్తుంది. తన ఒంట్లో ఇంకా ఏమేం పెట్టారో పాపం నానోకే తెలియదు.

తనకేమో బడికి వెళ్లాలని ఆశ, ఈ కీతో ఎలా వెళ్లాలా అని సిగ్గు. ఈ గోలంతా పదమూడు ఎపిసోడ్లు చూశాక, ఆ అమ్మాయి యూనిఫాం వేసుకుని క్లాసులో నిలబడి "నేను రోబోని కాను" అన్నట్టు తంటాలు పడుతుంటే చూడాలి. కీ వీపున అంతెత్తున కనిపిస్తూనే ఉంటుంది! ముందు భాగం చూడకపోతే మీకు అక్కడ కనిపించేది వీపున కీ ఉన్న ఒక అమ్మాయి, అంతే. చివరి ఎపిసోడ్‌లో ఆ కీ సంగతి మళ్లీ వస్తుంది. అదేంటో చెప్పను.

జోకుల విషయానికొస్తే, "నిచిజో" అంటే రోజువారీ జీవితం అని అర్థం. పేరులోనే ఉంది తమాషా. మొదట్లో, బడికెళ్లే ముగ్గురిలో ఒకమ్మాయి యూకో లంచ్ బాక్సులోంచి సాసేజ్ ముక్క జారే సీను గుర్తుందా? ఆక్టోపస్ ఆకారంలో కోసిన ముక్క. అది నేలని తాకేలోపు పట్టుకోవడానికి ఆ పిల్ల చేసే పోరాటం యుద్ధం సినిమా క్లైమాక్సులా తీశారు. కథలో జరిగేది ఏమీ ఉండదు, బొమ్మలు గీసినవాళ్లు మాత్రం ప్రాణం పెట్టేశారు. తీసింది క్యోటో యానిమేషన్ అనే స్టూడియో, 2011లో. మరోచోట ప్రిన్సిపాల్ జింకతో కుస్తీ పడతాడు. ఎందుకని అడగకండి. "ఇప్పుడు అసలు జోకు వస్తుందేమో" అని ఎదురుచూస్తే రాదు. మీరు మొహమొహాలు చూసుకున్నది అక్కడేనేమో.

రాత్రి షిఫ్ట్:
చివరి బెంచీ అన్నా, అందరికీ పదమూడు ఎపిసోడ్ల ఓపిక ఉండదు కదా. నాన్నగారూ, అందులో అన్నీ చిన్న చిన్న ముక్కలే. నచ్చని ముక్క దాటేసినా కొంప మునగదు. నానో, ప్రొఫెసర్, పిల్లి ఉన్నవి మాత్రం వదలకండి. వీలైతే ఆడియో జపనీస్‌లోనే పెట్టుకోండి, సబ్‌టైటిల్స్ చదువుకోవచ్చు. ఇంగ్లీష్ డబ్బింగ్ ఉంది కానీ పిల్లి పంచాయతీ జపనీస్‌లోనే బాగుంటుంది. ప్రొఫెసర్ కట్టిన ఎర్ర స్కార్ఫ్ మెడలో ఉంటే ఆ పిల్లి మాట్లాడుతుంది. మనుషుల లెక్కన తన వయసు ఇరవై, ఇంట్లో తనే పెద్ద, కాబట్టి "సకమోతో సాన్" అనాలని పట్టుబడుతుంది. సాన్ అంటే మన "గారు". ఎనిమిదేళ్ల పిల్ల దగ్గర గారు అనిపించుకోవడానికి ఆ పిల్లి పడే పాట్లు తెలుగువాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి ఎపిసోడ్‌లో యూకో నెత్తిన వరసగా పడేవాటిలో ఒక చెక్క బొమ్మ ఉంటుంది, చూశారా? దాన్ని కొకెషి అంటారు. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే కర్రని తరిణి పట్టి చేస్తారు. తర్వాత తల ఊపే ఎర్ర ఆవు బొమ్మ, ఆ తర్వాత సాల్మన్ చేప. ఇందులో లోతైన అర్థం ఏమీ లేదు, నేను వెతికాను.

చివరి బెంచీ:
సరే తమ్ముడూ, ముక్కలు దాటేయమను, ఎపిసోడ్లు కాదు.

పిల్లల సంగతి మర్చిపోయాను. తుపాకులు, పేలుళ్లు ఉన్నాయి కానీ ఎవరికీ ఏమీ కాదు. ఒక అమ్మాయి తనకి నచ్చిన అబ్బాయి ఏదైనా అన్నప్పుడల్లా ఎక్కడినుంచో ఆయుధం తీసి కాలుస్తుంది, మసి తప్ప గాయం ఉండదు. ఆ అబ్బాయి మేకెక్కి బడికొస్తాడు. రాజవంశం బిడ్డలా పోజు కొడతాడు గానీ ఇంట్లో వ్యవసాయమే. మియో అనే అమ్మాయి దొంగతనంగా కామిక్స్ గీస్తుంది, వాటిలో అబ్బాయిలకీ అబ్బాయిలకీ మధ్య ప్రేమ. ఆ నోట్‌బుక్ బయటపడకుండా తను పరిగెత్తే సీను సిరీస్‌లోకెల్లా గొప్పగా ఉంటుంది. అమ్మాయి అడిగితే చెప్పడానికి మీరు సిద్ధంగా ఉంటే చాలు. 2012లో దీన్ని 12 ఎపిసోడ్లకి కుదించి జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వాళ్ల విద్యా ఛానెల్‌లో వేశారు కూడా. ఎనిమిదో తరగతికి నిశ్చింతగా చూపించొచ్చు.

ఎపిసోడ్ 0 అని ఒకటి కనిపిస్తే దాంతో మొదలుపెట్టకండి. తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

పాతకాలం పిల్ల:
ఇల్లూ పిల్లీ కాదు, రోబో పిల్ల బడిలో చేసే అల్లరే కావాలంటే "డాక్టర్ స్లంప్" చూడండి. డ్రాగన్ బాల్ గీసిన తొరియామాదే, అంతకంటే ముందుది. అందులో రోబో పిల్ల అరాలే కూడా బడికి వెళ్తుంది. నానో అయితే రోబో అని తెలిసిపోతుందేమోనని చస్తూ బతుకుతుంది. అరాలేకి ఆ బెంగే లేదు. 1981లో మొదలైన మొదటి సిరీస్ 243 ఎపిసోడ్లు. శనివారానికి ఒకటి చొప్పున చూస్తే మీ చిన్నమ్మాయి కూడా కాలేజీకి వచ్చేస్తుంది.

ఇద్దరమ్మాయిల నాన్న:
అందరికీ థ్యాంక్సండీ. 243 చూసి నవ్వాగలేదు. నిన్న మళ్లీ కూర్చుని ఐదు, ఆరు చూశాం, ఏదీ దాటెయ్యలేదు. మా అమ్మాయి పొద్దున పెరట్లోకి వచ్చే పిల్లికి పాలు పోస్తూ "సకమోతో గారూ, రండి" అంటోంది. ఒక్క మాట చెప్పండి, నానో వెంటపడే సైన్స్ టీచర్ ఒకావిడ ఉందట, ఆవిడ నానోని పట్టుకుంటుందా? పిల్ల ఎక్కడో చదివి టెన్షన్ పడుతోంది.

రాత్రి షిఫ్ట్:
నకమురా మేడమా? ఆవిడ పన్నే వలల్లో ఆవిడే పడుతుంటుంది. అమ్మాయిని హాయిగా పడుకోమనండి.